పళ్ళు పోయినా నోరు అమానతే

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో వయసు మళ్ళిన పెద్దలు వ్రాసేవి కొన్ని ఉంటాయి. వాటిలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: “నేను కట్టుడు పళ్ళు పెట్టుకున్నాను. వుజూ చేసే ప్రతిసారీ వాటిని తీయవలసిందేనా? తీయకపోతే నమాజు నెరవేరుతుందా?”

ముందుగా దీనికి సమాధానం చెప్పుకుందాం. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం వుజూలో నోరు పుక్కిలించడం సున్నత్. కనుక కట్టుడు పళ్ళు తీయకుండా పుక్కిలించినా వుజూ నెరవేరుతుంది. నమాజుకు లోపం రాదు. విధిస్నానం సంగతి వేరు. గుస్ల్‌లో నోటి లోపలికి నీరు చేర్చడం ఫర్జ్. అందువలన సులువుగా తీసి పెట్టుకోగలిగిన పళ్ళ సెట్టును గుస్ల్ వేళ తీసి, పుక్కిలించి, మళ్ళీ పెట్టుకోవాలి. వైద్యుడు కదలకుండా బిగించిన పళ్ళను పీకి తీయవలసిన పని లేదు. తీయడం సాధ్యం కానిదాన్ని ధర్మం అడగదు. షాఫయీ మార్గంలో వుజూలోనూ గుస్ల్‌లోనూ పుక్కిలించడం సున్నతే.

సమాధానం ఇంతే. అయితే ఇలాంటి ఉత్తరాలు చదివినప్పుడల్లా వాటిలో లేని మరో ప్రశ్న నాకు గుర్తుకు వస్తుంది. “రాత్రి పడుకునేటప్పుడు పళ్ళు తీయాలా? వాటి క్రింద ఉన్న చిగుళ్ళను ఎవరైనా చూశారా?” అని అడిగినవారు లేరు. నమాజు చెల్లుతుందో లేదోనని కలత చెందే భక్తిపరులైన పెద్దలు, తమ నోటిలో నెలల తరబడి ఉన్న మంటను వార్ధక్యపు లక్షణంగా భావించి ఊరకుంటున్నారు. వారి సంతానమేమో వేల రూపాయలు వెచ్చించి పళ్ళ సెట్టు చేయించాం గనుక తమ బాధ్యత తీరిందని అనుకుంటున్నది. నిజానికి బాధ్యత అక్కడి నుండే మొదలవుతుంది. ఈ నెల ఆ మాటే చెప్పుకుందాం.

పళ్ళు లేని నోటికి కూడా శుభ్రత ఉంది

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) మిస్వాక్ పట్ల ఎంత శ్రద్ధ చూపేవారో మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలుసు. మరి పళ్ళన్నీ ఊడిపోయినవారి సంగతేమిటి? వారికి మిస్వాక్‌తో పని లేదని మన పండితులు అనలేదు. మిస్వాక్ దొరకనప్పుడు గాని, పళ్ళే లేనప్పుడు గాని వ్రేలు లేదా గరుకు గుడ్డ దాని స్థానాన్ని పొందుతుందని హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. అంటే శుభ్రపరచవలసింది పళ్ళను మాత్రమే కాదు, నోటిని. పళ్ళు పోతే సాధనం మారుతుంది, బాధ్యత మారదు. నేటి దంత వైద్యులు కూడా, పళ్ళ సెట్టు తీసిన తరువాత చిగుళ్ళనూ అంగిలినీ నాలుకనూ తడిగుడ్డతో గాని మెత్తని బ్రష్‌తో గాని తుడవమని చెబుతారు.

ఇది కొద్దిమందికే సంబంధించిన విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక అంచనా ప్రకారం, ప్రపంచంలో 60 ఏళ్ళు పైబడినవారిలో సుమారు 23 శాతం మంది పళ్ళన్నీ కోల్పోయినవారే. కొన్ని పళ్ళు మాత్రమే పోయి, తీసిపెట్టుకునే పాక్షిక సెట్లు వాడేవారు వీరికి అదనం. మన ప్రతి మొహల్లాలో, ప్రతి మసీదు వరుసలో వీరున్నారు.

కట్టుడు పళ్ళ క్రింద ఏం జరుగుతుంది?

పందొమ్మిదవ శతాబ్దంలో గట్టిపరచిన రబ్బరుతో పళ్ళ సెట్లు చేసేవారు. 1930ల చివరి నుండి ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్ జాతి పదార్థం దాని స్థానంలోకి వచ్చింది. చిగురు రంగులో కనిపించే భాగమంతా అదే. పైకి నున్నగా కనిపించినా ఆక్రిలిక్‌లో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. ఆహారపు తునకలు, లాలాజలం, సూక్ష్మజీవులు వాటిలో చేరి పొరగా పేరుకుంటాయి. ఆ పొర లేతగా, వెచ్చగా, తడిగా ఉండే అంగిలిని రోజంతా ఒరుసుకుంటూ ఉంటుంది. మామూలుగా అంగిలిని లాలాజలం కడుగుతుంది, నాలుక రుద్దుతుంది. పళ్ళ సెట్టు కప్పినప్పుడు ఈ రెండూ అందవు.

రెండవ మార్పు మరింత నిదానంగా జరుగుతుంది. పన్ను ఉన్నంతకాలం దాన్ని పట్టి ఉంచే దవడ ఎముకకు పని ఉంటుంది. పన్ను పోగానే ఆ ఎముక అరగడం మొదలవుతుంది. మొదటి ఏడాదిలో అరుగుదల ఎక్కువ. ఆ తరువాత నెమ్మదిస్తుంది గాని ఆగదు. పళ్ళ సెట్లు వాడేవారిని 25 ఏళ్ళపాటు గమనించి 1972లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, పై దవడ కంటే క్రింది దవడ ముందుభాగం సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా అరిగినట్లు తేలింది. “పైసెట్టు బాగానే ఉంది, క్రిందిది మాత్రం నిలవదు” అని పెద్దలు ఎందుకంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది. సెట్టు మారలేదు, దాని క్రింది నేల మారింది. పదేళ్ళ నాటి చెప్పు పాదానికి సరిపోనట్లే, పదేళ్ళ నాటి సెట్టు దవడకు సరిపోదు. అందుకే సాధారణంగా 5 నుండి 7 ఏళ్ళకు ఒకసారి సెట్టును మార్చడమో, లోపలి పూతను కొత్తగా వేయించడమో అవసరమని వైద్యులు చెబుతారు.

నొప్పి లేని జబ్బు

కట్టుడు పళ్ళ వలన కలిగే సమస్యలలో అతి సాధారణమైనది, అదే సమయంలో అతి తక్కువగా గుర్తించబడేది అంగిలి వాపు. పైసెట్టు తీసి చూస్తే, సెట్టు ఆనిన మేరకు అంగిలి గీత గీసినట్లుగా ఎర్రబడి ఉంటుంది. చాలామందికి నొప్పి ఉండదు. కొందరికి కారం తగిలితే మంట, నోటిలో దుర్వాసన, రుచి తెలియకపోవడం ఉంటాయి. వివిధ దేశాల అధ్యయనాలలో, తీసిపెట్టుకునే సెట్లు వాడేవారిలో 15 నుండి 70 శాతం వరకు ఈ వాపు కనిపించింది. దీనికి ప్రధాన కారకం కాండిడా అనే శిలీంధ్రం. ఇది ఆరోగ్యవంతుల నోటిలోనూ కొద్దిగా ఉంటుంది, హాని చేయదు. సెట్టును రాత్రింబవళ్ళు తీయకుండా ఉంచినప్పుడు, సరిగా కడగనప్పుడు, నోరు ఎండిపోయినప్పుడు, చక్కెర వ్యాధి అదుపు తప్పినప్పుడు అది విజృంభిస్తుంది. ఆస్తమాకు స్టెరాయిడ్ మందు పీల్చేవారు పీల్చిన తరువాత నోరు పుక్కిలించకపోయినా ఇదే జరుగుతుంది.

దీనికి వైద్యుడు శిలీంధ్రాన్ని చంపే మందు ఇస్తాడు. కానీ మందు అంగిలికి మాత్రమే వ్రాసి సెట్టును అలాగే వదిలివేస్తే జబ్బు తిరిగి వస్తుంది. శిలీంధ్రం కాపురం ఉండేది సెట్టులోనే.

రెండవది పెదవుల మూలలు పగలడం. అరిగిన పాత సెట్టు వలన పై దవడకూ క్రింది దవడకూ మధ్య దూరం తగ్గి, నోరు ముడుచుకుపోతుంది. నోటి సెలవులలో మడత పడి లాలాజలం నిలుస్తుంది. ఆ తడిలో శిలీంధ్రమో బాక్టీరియానో చేరి పగుళ్ళు ఏర్పడతాయి. ఇనుము, బి విటమిన్లు లోపించినవారిలో ఇది మరింత త్వరగా వస్తుంది. మన ఇళ్ళలో దీన్ని “వేడి చేసింది” అని చెప్పి వెన్న రాసి ఊరకుంటారు. వెన్న వలన ఉపశమనం కలగవచ్చు, కారణం మాత్రం పోదు.

మూడవది ఒరిపిడి పుండు. కొత్త సెట్టు అంచు గట్టిగా తగిలినచోట పుండు పడుతుంది. ఇది సహజం, వైద్యుని వద్దకు వెళితే ఆ అంచును కాస్త అరగదీస్తాడు, పుండు మానుతుంది. చాలామంది వెళ్ళరు. ఇంట్లోనే గాజుకాగితంతోనో ఆకురాయితోనో రుద్దుకొని సెట్టును పాడుచేసుకుంటారు, లేదా సెట్టునే పెట్టెలో పెట్టి మూత వేస్తారు.

నాలుగవది కండ పెరగడం. వదులైన సెట్టు అంచు ఏళ్ళ తరబడి ఒకేచోట గుచ్చుకుంటూ ఉంటే, శరీరం ఆ చోట మడతలు మడతలుగా కండను పెంచుతుంది. ఇది సాధారణంగా ప్రమాదకరం కాదు. కానీ పెద్దదైతే శస్త్రచికిత్సతో తొలగిస్తే తప్ప కొత్త సెట్టు కూర్చోదు.

ఐదవది నోరు ఎండిపోవడం. ఇది కట్టుడు పళ్ళ వలన వచ్చేది కాదు గాని, వాటిని భరించలేనంత కష్టంగా మారుస్తుంది. పైసెట్టు అంగిలికి అంటుకొని నిలవడానికి మధ్యనున్న పలుచని లాలాజలపు పొరే ఆధారం. రక్తపోటుకు, మానసిక వ్యాకులతకు, అలర్జీకి వాడే మందులలో అనేకం లాలాజలాన్ని తగ్గిస్తాయి. మందులను సొంతంగా మానివేయకండి. నోరు ఎండుతున్నదని వైద్యునికి చెప్పండి. మాటిమాటికీ కొద్దికొద్దిగా నీరు త్రాగండి.

రెండు వారాల నియమం

ఒక మాట మాత్రం ప్రతి ఇంటివారూ గుర్తుంచుకోవాలి. నోటిలో ఏ పుండైనా, ఏ తెల్లమచ్చైనా, ఏ ఎర్రమచ్చైనా రెండు వారాలలో మానకపోతే వైద్యునికి చూపించి తీరాలి. సెట్టు తీసివేసిన తరువాత కూడా పుండు మానలేదంటే అది సెట్టు చేసిన పుండు కాకపోవచ్చు. మన దేశంలో నోటి క్యాన్సరు అరుదైన జబ్బు కాదు. జర్దా, గుట్కా, ఖైనీ, బీడీ, చుట్ట దీనికి పెద్ద కారణాలు. ఉత్తరాంధ్ర తీరప్రాంతంలో చుట్ట నిప్పుకొసను నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగే అలవాటు ముసలి ఆడవారిలో ఎంతోకాలంగా ఉంది. వారి అంగిలికే ఈ ముప్పు ఎక్కువ. అలాంటి అంగిలిని పళ్ళ సెట్టు కప్పి ఉంచితే లోపలి మార్పు ఎవరికీ కనిపించదు.

మా పొరుగు గ్రామంలో ఒక పెద్దమనిషి ఉండేవారు. క్రింది చిగురుపై పుండు పడితే సెట్టు గుచ్చుకున్నదనే అందరూ అనుకున్నారు. లవంగ తైలం రాశారు, పటిక నీళ్ళు పుక్కిలించారు, సెట్టు వాడటం మానివేశారు. పుండు మానలేదు. ఆయన కూడా ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక గంజితో గడిపారు. ఐదు నెలల తరువాత మెడలో గడ్డ కనిపించినప్పుడు గాని పిల్లలు నగరానికి తీసుకుపోలేదు. అప్పటికి జబ్బు గ్రంథులకు ప్రాకింది. మొదటి నెలలోనే చూపించి ఉంటే చికిత్స ఎంతో తేలికయ్యేదని వైద్యులు చెప్పారట. ఆయన పిల్లలు చెడ్డవారు కారు. తండ్రికి మందులు తెచ్చారు, మెత్తటి ఆహారం వండించారు. ఆయన నోరు తెరిపించి చూడలేదు, అంతే.

నిద్రలో పొంచి ఉండే ముప్పు

రాత్రి పళ్ళు తీయాలన్న మాట కేవలం చిగుళ్ళ విశ్రాంతి కోసం కాదు. జపాన్‌లో 85 ఏళ్ళు పైబడిన 524 మంది వృద్ధులను మూడేళ్ళపాటు గమనించి 2015లో ఒక అధ్యయనం ప్రకటించారు. పళ్ళ సెట్టుతోనే నిద్రించేవారికి న్యుమోనియా ముప్పు తక్కినవారి కంటే రెండింతలకు పైగా ఉన్నట్లు అందులో తేలింది. నిద్రలో లాలాజలం కొద్దికొద్దిగా శ్వాసనాళంలోకి జారుతుంది. వృద్ధులలో దగ్గి బయటికి నెట్టే శక్తి తక్కువ. సెట్టు మీద పెరిగిన సూక్ష్మజీవులు ఆ లాలాజలంతో పాటు ఊపిరితిత్తులకు చేరితే జబ్బు పట్టుకుంటుంది. నోటి అశుభ్రత నోటితో ఆగదన్నమాట.

రమజాన్ నెలలో ఈ విషయం మరింత గుర్తుంచుకోవాలి. సహరీ తిని, ఫజ్ర్ చదివి, పళ్ళు నోటిలోనే ఉంచుకొని పడుకునే పెద్దలు చాలామంది. పగలంతా నోరు ఎండి ఉంటుంది, లాలాజలం తక్కువ. సహరీ కాగానే సెట్టు తీసి కడిగి, చిగుళ్ళు తుడుచుకొని పడుకోవాలి. కట్టుడు పళ్ళు పెట్టుకోవడం వలన ఉపవాసం భంగం కాదు. ఉపవాసంలో వాటిని తీసి నీటితో కడిగి తిరిగి పెట్టుకోవచ్చు. నీరు గొంతులోకి జారకుండా చూసుకుంటే చాలు. రుచిగల పేస్టు, అతికించే జిగురు మాత్రం ఇఫ్తార్ తరువాతి వేళకు వదిలివేయడం జాగ్రత్త.

ఎలా శుభ్రపరచాలి?

ప్రతి భోజనం తరువాత సెట్టు తీసి నీటితో కడగాలి. రోజుకు కనీసం ఒకసారి, ముఖ్యంగా రాత్రి, మెత్తని బ్రష్‌తో లోపలా బయటా రుద్దాలి. దీనికి మామూలు చేతుల సబ్బు గాని, కట్టుడు పళ్ళ కోసమే అమ్మే ద్రావణం గాని చాలు. పళ్ళపేస్టు, పళ్ళపొడి, బొగ్గు, ఉప్పు, కచ్చిక బూడిద వాడకూడదు. అవి సహజమైన పంటి కంటే మెత్తనైన ఆక్రిలిక్‌ను గీకుతాయి. ఆ గీతలలోనే సూక్ష్మజీవులు చేరతాయి. మరిగే నీటిలో వేస్తే సెట్టు వంకర పోతుంది, మళ్ళీ సరికాదు. కడిగేటప్పుడు క్రింద నీళ్ళ గిన్నె గాని మడతపెట్టిన తువాలు గాని ఉంచాలి. తడి చేతుల నుండి జారి బండ మీద పడి విరిగే సెట్లు ఎన్నో.

రాత్రి సెట్టును మూత ఉన్న గిన్నెలో చల్లని మంచినీటిలో వేసి ఉంచాలి. పొడిగా ఉంచితే అది ఆకారం మార్చుకుంటుంది. శుభ్రపరచే బిళ్ళలు వేస్తే, ఉదయం బాగా కడిగిన తరువాతే నోటిలో పెట్టుకోవాలి. ఆ బిళ్ళలను నోటిలో వేసుకోకూడదు. చూపు మందగించిన పెద్దలు వాటిని మందుబిళ్ళలుగా పొరబడే అవకాశం ఉంది గనుక విడిగా దాచాలి.

పాక్షిక సెట్టు వాడేవారు మిగిలిన సొంత పళ్ళ మీద రెట్టింపు శ్రద్ధ పెట్టాలి. సెట్టు కొక్కెం పట్టుకొని ఉండే పన్ను చుట్టూ ఆహారం చేరి పుచ్చుతుంది. ఆ పన్ను పోతే సెట్టుకు ఆధారమే పోతుంది. ఇక్కడ మిస్వాక్, వేపపుల్ల, బ్రష్ ఏదైనా సరే, విడవకూడదు.

వదులైన సెట్టును జిగురుతో నెట్టుకొస్తూ ఉండేవారున్నారు. కొద్దిగా వాడటంలో తప్పు లేదు. కానీ జింకు కలిసిన జిగురును రోజూ అధికంగా ఏళ్ళ తరబడి వాడినవారిలో శరీరంలోని రాగి తగ్గి, రక్తహీనత, కాళ్ళూ చేతుల తిమ్మిరి కలిగిన ఉదంతాలు వైద్య పత్రికలలో ఉన్నాయి. జిగురు లేనిదే నిలవడం లేదంటే సెట్టు సరిచేయించుకొనే సమయం వచ్చిందని అర్థం.

శస్త్రచికిత్సకు వెళ్ళేటప్పుడు, తీసిపెట్టుకునే పళ్ళున్నాయని వైద్యులకు ముందే చెప్పాలి. శస్త్రచికిత్స సమయంలో నోటిలోనే ఉండిపోయిన పాక్షిక సెట్టు గొంతులో ఇరుక్కొని, ఎనిమిది రోజుల తరువాత గాని బయటపడని 72 ఏళ్ళ వ్యక్తి ఉదంతం 2019లో బ్రిటన్‌కు చెందిన వైద్య పత్రికలో ప్రచురితమైంది.

చవక పళ్ళు, ఖరీదైన బాధ

రోడ్డు ప్రక్కన, సంతలలో, చిన్న గదులలో “ఒక్క గంటలో కదలని పళ్ళు” కడతామనే వారు మన పట్టణాలలో నేటికీ ఉన్నారు. వారు చేసేది ఏమిటంటే, తీసిపెట్టుకోవలసిన పన్నును ఆక్రిలిక్ పిండితోనూ తీగతోనూ ప్రక్క పళ్ళకు శాశ్వతంగా అతికిస్తారు. దాని క్రింద కడగడానికి దారి ఉండదు. ఆహారం కుళ్ళుతుంది, చిగురు ఉబ్బుతుంది, ఆధారంగా వాడిన మంచి పళ్ళు కూడా కదిలి ఊడిపోతాయి. కొందరు పైసెట్టు నిలవడానికి అంగిలి వైపు రబ్బరు బిళ్ళ అమరుస్తారు. అది అంగిలిని ఏళ్ళ తరబడి లాగిలాగి చివరకు ముక్కులోకి చిల్లు పడేటట్లు చేసిన ఉదంతాలున్నాయి. అర్హత లేనివారు దంత వైద్యం చేయడాన్ని చట్టం నిషేధిస్తున్నది.

డబ్బు లేకనే పేదలు అక్కడికి వెళతారన్న సంగతి నిజమే. వారికి దారి చెప్పడం మన పని. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. వాటి అనుబంధ ఆసుపత్రులలో పళ్ళ సెట్లు తయారు చేసే ప్రత్యేక విభాగాలుంటాయి. పలుమార్లు తిరగవలసి వస్తుంది. తోడు వెళ్ళే యువకుడు ఒకడుంటే ఆ శ్రమ సగం తగ్గుతుంది. మసీదు కమిటీలు ఏడాదికి ఒకసారి వృద్ధుల నోటి పరీక్ష ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

బంగారు పళ్ళ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. అర్ఫజా (రజి) అనే సహాబీ ముక్కు ఒక యుద్ధంలో తెగిపోగా వెండి ముక్కు పెట్టించుకున్నారు. దాని నుండి దుర్వాసన రావడంతో, బంగారు ముక్కు పెట్టించుకోమని దైవప్రవక్త (సఅసం) ఆయనకు చెప్పారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, అవసరం వలన ఇక్కడ అనుమతి లభించింది. దీని ఆధారంగానే పళ్ళను బంగారంతో కట్టించుకోవచ్చని ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) వంటి పండితులు అభిప్రాయపడ్డారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) వెండితో సరిపెట్టమన్నారు. నాకు ఈ ఉదంతంలో మరో పాఠం కూడా కనిపిస్తుంది. శరీరంలో అమర్చిన వస్తువు కుళ్ళుకు కారణమవుతున్నప్పుడు దాన్ని ఓర్చుకొమ్మని ఆ సహాబీకి చెప్పలేదు, మార్చుకొమ్మన్నారు.

తినడం, మాట్లాడటం, పారాయణం

కట్టుడు పళ్ళకు సహజమైన పళ్ళంత నమిలే బలం రాదు. అందువలన పెద్దలు మాంసం, గింజలు, పచ్చి కూరగాయలు, జామ వంటి పండ్లు వదిలివేసి చారన్నం, రొట్టె పాలలో నానబెట్టుకోవడం, టీలో బిస్కెట్లు మొదలైనవాటికి పరిమితమవుతారు. పీచు, మాంసకృత్తులు, ఇనుము తగ్గి బలహీనత వస్తుంది. మాంసాన్ని ఖీమాగా, కూరగాయలను మెత్తగా ఉడికించి, పప్పు, గుడ్డు, పెరుగు, రాగిజావ, అరటిపండు, బొప్పాయి ఇస్తే ఈ లోపం పూడుతుంది. కొత్త సెట్టుతో మొదట చిన్న ముక్కలను రెండువైపులా సమంగా నమలడం అలవాటు చేసుకోవాలి.

ఇంకొక బాధ ఉంది. దాన్ని మదరసాలో పనిచేసేవారు ఎక్కువగా చూస్తారు. ‘ఫా’ అక్షరం పై ముందుపళ్ళ అంచు క్రింది పెదవికి తగిలి పుడుతుంది. ‘సా’, ‘జాల్’, ‘జా’ అక్షరాలు నాలుక కొస పై ముందుపళ్ళ అంచుకు తగలడం వలన పుడతాయి. పళ్ళు పోతే ఇవి పలకవు. కొత్త పళ్ళు పెట్టుకున్నా కొన్ని వారాలు ఈలలా గాలి వస్తుంది. జీవితమంతా ఖుర్‌ఆన్‌ను శ్రావ్యంగా పఠించిన హాఫిజ్‌లు కొందరు ఈ సిగ్గుతో గొంతు తగ్గించి, చివరకు నలుగురిలో పఠించడమే మానుకుంటారు. వారికి చెప్పవలసింది ఒకటే. రోజూ కొంతసేపు ఏకాంతంలో పైకి చదవండి. కొత్త సెట్టుకు నాలుకను అలవాటు చేయడానికి దంత వైద్యులు సూచించే అభ్యాసం కూడా అదే. కొన్ని వారాలైనా అక్షరం స్పష్టం కాకపోతే ముందుపళ్ళ అమరికను సరిచేయమని వైద్యుని అడగండి. ఎంత ప్రయత్నించినా పలకనిదానికి మీపై దోషం లేదు.

సంతానానికి ఒక మాట

పెద్దలు తమ పళ్ళ సంగతి ఎందుకు దాస్తారో గ్రహించండి. బోసినోటితో కనబడటం వారికి సిగ్గు. కోడలి ఎదుట, మనవల ఎదుట పళ్ళు తీయలేక రాత్రిళ్ళు కూడా ఉంచుకునే దాదీమాలు, నానీమాలు ఎందరో. ఒకే గదిలో నలుగురు పడుకునే ఇంట్లో ఆమె పళ్ళు తీసి గిన్నెలో వేస్తే పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వును మొదట ఆపవలసింది మీరు. ఆమె మంచం ప్రక్కన మూత ఉన్న గిన్నె ఒకటి, మెత్తని బ్రష్ ఒకటి పెట్టండి. అవి అక్కడ ఉండటం మామూలు విషయమని ఇంటిల్లిపాదికీ తెలియనివ్వండి.

పక్షవాతం వచ్చినవారు, చేతులు వణికేవారు, మతిమరుపు ఉన్నవారు తమ సెట్టును తాము కడుక్కోలేరు. వారిని మందలించడం కాదు, మీరే కడగాలి. మీ తొలి పన్ను మొలిచిన రోజున వ్రేలితో తడిమి చూసి మురిసిపోయినవారు వారు. వారి చివరి పన్ను ఊడిన తరువాత ఆ నోటిని తుడవడం చిన్నతనమేమీ కాదు. వారానికి ఒకసారి, మంచి వెలుతురులో, “అమ్మీ, ఒక్కసారి నోరు తెరవండి, చూస్తాను” అని అడగండి. ఎర్రదనం, పుండు, తెల్లమచ్చ, పెదవుల మూలల్లో పగుళ్ళు, సెట్టులో చీలిక ఉన్నాయేమో గమనించండి. ఏడాదికి ఒకసారి, పళ్ళన్నీ పోయినా సరే, దంత వైద్యునికి చూపించండి. “పళ్ళే లేనప్పుడు పళ్ళ డాక్టరు దేనికి?” అని వారే అడుగుతారు. ఆయన చూసేది చిగుళ్ళను, నాలుకను, అంగిలిని, దవడను అని చెప్పండి.

పరాయి దేశాలలో ఉన్న పిల్లలు నెలనెలా డబ్బు పంపి “అబ్బాజాన్, బాగున్నారా?” అని ఫోనులో అడుగుతారు. ఆయన బాగున్నాననే అంటారు. ఈసారి ఇంకొంచెం అడగండి: “రాత్రి పళ్ళు తీసి పడుకుంటున్నారా? నిన్న ఏం తిన్నారు? నమలగలిగారా?” అప్పుడు నిజం బయటికి వస్తుంది.

శరీరం మనకు అప్పగించబడిన అమానత్. అందులో ఒక భాగం అరిగిపోయినంత మాత్రాన మిగిలిన భాగంపై లెక్క రద్దు కాదు. ఈ రాత్రి మీ ఇంట్లో కట్టుడు పళ్ళు వాడే పెద్దలెవరైనా ఉంటే, ఇషా తరువాత ఒక గిన్నెలో మంచినీళ్ళు పోసి వారి మంచం దగ్గర పెట్టండి. అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్నీ, మనకు వారిని ఓపికగా చూసుకునే సద్బుద్ధినీ ప్రసాదించుగాక. ఆమీన్.